పెయ్యసిరి సంచి: పదకొండో వారం

ఇంతవరకూ జరిగింది ఒకసారి తల్చుకుందాం. ఆత్రేయపురం దాటాక గోదావరి ఒడ్డున ఉన్న పోలమ్మలంకలో పద్దెనిమిది రోజుల్లో ఏడు గేదె దూడలు చచ్చిపోయాయి. ఒక్కదానికీ మూడు నెలలు నిండలేదు. ఆ ఊళ్లో పశువుల సహాయకురాలిగా పనిచేసే, అందరూ డాక్టరమ్మ అని పిలిచే ఉమాశ్రీ, దూడలు ఏపుగా ఎదగడానికి జావలో కలిపి పట్టమని 'పెయ్యసిరి' అనే పొడిని ఆడవాళ్లకి అలవాటు చేసింది. ఆ పొడి తయారయ్యేది ఆమె భర్త ఉదయభాస్కర్ కెమిస్టుగా ఉన్న మేత ఫ్యాక్టరీలో. ఊళ్లో అమ్మేది పాలకేంద్రం నడిపే పావని. పెద్ద సంచి విప్పి కిలో, అరకిలో చొప్పున విడిగా ఇచ్చేది. ఏడో దూడ పోయాక పశువుల డాక్టరుగారు దాని పొట్ట కోస్తే ముక్కు బద్దలయ్యే ఘాటు కొట్టింది. పావని దగ్గర విప్పి ఉన్న సంచిలోంచి గుప్పెడు పొడి తీసి రాజమండ్రి ల్యాబుకి పంపారు. జవాబు వచ్చేదాకా ఊరు ఆగలేదు. పావనే ఏదో కలిపి అమ్మిందని తేల్చేసింది. కిందటి వారం కథ ఆగేసరికి, ల్యాబు వాళ్లిచ్చిన కవరు పట్టుకుని ఉమాశ్రీ రాజమండ్రి కోటిపల్లి బస్టాండు పక్కన స్కూటీ మీద కూర్చుని ఉంది. కవరు అంచు చింపింది.

లోపల ఒక్కటే కాగితం. పైన నంబరు, కింద సంతకం, మధ్యలో నాలుగు వరసలు. ఉమాశ్రీ చూపు మూడో వరస దగ్గర ఆగిపోయింది.

యూరియా.

ఎదిగిన గేదె పొట్టలో కాస్త యూరియా పడితే అది దాన్ని అరిగించుకుని కండగా మార్చుకుంటుంది. అందుకే పెద్ద పశువుల దాణాలో లెక్క ప్రకారం కొంచెం కలుపుతారు. పాలు మానని దూడకి ఆ పొట్ట ఇంకా సగమే తయారై ఉంటుంది, యూరియాని ఘాటైన అమ్మోనియాగా విడగొడుతుంది గానీ కండగా మార్చుకోవడం దానికి చేతకాదు. దానికి యూరియా అంటే విషమే. వణుకు, నోట్లో నురగ, కడుపుబ్బరం, గంట తిరక్కుండా చావు. చదువుకునే రోజుల్లో ఉమాశ్రీ ఈ నాలుగూ వరసగా వల్లె వేసింది. ఏడు దూడల్లోనూ ఈ నాలుగే కళ్లారా చూసింది. చూసి కూడా పేరు తట్టలేదు. దూడల పొడిలో యూరియా ఎవరైనా వేస్తారని ఆమె ఊహకైనా రాలేదు. అంతేకాదు, అనుమానం వచ్చిన ఒక్క రోజునా ఆ అనుమానాన్ని పక్కకి మళ్లించిన మనిషి ఒకడున్నాడు.

ఆ మనిషికి పొద్దున్నే క్యారేజీలో దొండకాయ వేపుడు పెట్టి పంపింది.

స్కూటీ స్టార్టు చేసింది. కడియం నర్సరీలు, ద్వారపూడి దాటి కాలవ గట్టు వెంట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. రామచంద్రపురం రోడ్డులో ఫ్యాక్టరీ గేటు కనబడ్డాకే దాహం వేస్తోందని తెలిసింది.

వాచ్‌మన్ చిట్టియ్య లేచి నిలబడ్డాడు. "రండి మేడంగారండి. సారు ల్యాబులోనే ఉన్నారండి. రాజుగారు భీమవరం ఎల్లారు, మద్దేనానికి వచ్చేత్తారండి."

రాజుగారంటే యజమాని సుబ్బరామరాజు. రొయ్యల మేతతో మొదలుపెట్టి పశువుల దాణాలోకి వచ్చిన మనిషి.

ల్యాబు గది చిన్నది. ఒక గోడకి గాజు సామాను, ఇంకో గోడకి రోజువారీ సరుకు నమూనాల సీసాలు. పక్క షెడ్డులో మిల్లు తిరుగుతుంటే సీసాలన్నీ సన్నగా అదురుతున్నాయి. ఉదయభాస్కర్ బల్ల మీద క్యారేజీ గిన్నెలు విప్పుకుని భోజనానికి కూర్చోబోతున్నాడు.

"ఈ వేళప్పుడొచ్చావేంటి? అన్నం తిన్నావా?" అన్నాడు.

ఉమాశ్రీ కాగితం తీసి గిన్నెల పక్కన పెట్టింది. అతను చదివాడు. కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివాడు. ఇదేంటని అడగలేదు, ఎక్కడిదని అడగలేదు. ఉమాశ్రీ అతని మొహాన్నే చూస్తోంది. అందులో భయం ఉంది. ఆశ్చర్యం లేదు.

"మీకు తెలుసు," అంది.

"ముందు కూర్చో ఉమా."

"ఎప్పట్నుంచి తెలుసు?"

అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు. మిల్లు చప్పుడు సగం తగ్గింది.

"సోయాచెక్క లారీ రాలేదు," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. "నాలుగు రోజులు ఆలస్యమైంది. సరుకు పంపక తప్పదు. సంచి మీద ఇరవై శాతం మాంసకృత్తులని అచ్చేసుకున్నాం. ఉన్నదానితో కలిపి చూస్తే పద్నాలుగు కూడా రాలేదు. రాజుగారు వచ్చి, పెద్ద దాణాలో వేసేదేగదా భాస్కర్‌గారూ, ఇందులోనూ కాస్త వెయ్యండి అన్నారు."

"మీరేమన్నారు?"

"దూడలకి పనికిరాదన్నాను."

"తర్వాత?"

"తర్వాత వేశారు. నన్ను పరీక్ష చెయ్యమన్నారు. చేశాను." బల్ల మీది రిజిస్టరు తెరిచి ఒక పేజీ ఆమెవైపు తిప్పాడు. పద్నాలుగో తారీఖు. గుండ్రటి చేతిరాత. సోయాచెక్క నిల్వ లేదు. మాంసకృత్తులు ఇరవైన్నర శాతం. సరుకు పంపవచ్చును. కింద అతని సంతకం. "చూడు. కాగితం ప్రకారం తప్పు లేదు. ఆ పరీక్షలో కొలిచేది నత్రజనినే. సోయాలోంచి వచ్చినా, యూరియాలోంచి వచ్చినా దానికి ఒకటే. ఎక్కడిదని అది అడగదు."

"అది అడగదు సరే. మీరు?"

అతను రిజిస్టరు మూసేశాడు.

"ఆ ఒక్క రోజు సరుకే ఉమా. నలభై సంచులు. సరిగ్గా కలవను కూడా కలవలేదు. ఒక సంచిలో ఎక్కువ పడింది, ఒకదాన్లో అసలు పడలేదు. అందుకే చాలా దూడలకి ఏమీ కాలేదు. మర్నాడే సోయా వచ్చేసింది. మళ్లీ వెయ్యలేదు."

"మళ్లీ వెయ్యలేదు," అంది ఉమాశ్రీ నెమ్మదిగా.

ఆమెకి పోలమ్మలంకలో చిన్నమ్మాయి అనే ఆవిడ పశువుల పాక గుర్తొచ్చింది. నాలుగో దూడ అక్కడే పోయింది. ఆ రోజు ఆదివారం. పరుగున రమ్మని కబురొస్తే ఉదయభాస్కరే బండి మీద తీసుకెళ్లాడు. దూడ కాళ్లు కొట్టుకుంటుంటే పాక నేల మీద చతికిలబడి దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. ప్యాంటంతా నురగ. చిన్నమ్మాయి ఆ మాట ఊరంతా చెప్పుకుంది. డాక్టరమ్మగారి ఆయన ఎంత మంచోడో, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడని. ఆ మాట విని ఉమాశ్రీ మనసులో మురిసిపోయింది కూడా.

"చిన్నమ్మాయి దూడ మీ ఒళ్లోనే పోయింది," అంది. "నేను సెలైను ఎక్కిస్తున్నాను. ఈ వణుకు చూస్తే ఏదో మందు తిన్నట్టుంది అన్నాను. మీరేమన్నారో గుర్తుందా?"

అతను సీసాలవైపు తిరిగాడు.

"పాము కరిచిందేమో కాళ్ల దగ్గర చూడు ఉమా అన్నారు. నేను నాలుగు కాళ్లూ వెంట్రుక వెంట్రుకా వెతికాను. ఎక్కడా గాటు లేదు. మళ్లీ చూడు, పొట్ట కింద చూడు అన్నారు. మళ్లీ వెతికాను. ఈలోగా అది పోయింది. అప్పటికి మీకు తెలుసా?"

షెడ్డులో ఎవరో సంచులు దబదబా పడేస్తున్నారు.

"తెలుసు," అన్నాడు.

"అప్పుడు చెప్పుంటే విరుగుడుగా వెనిగరూ చల్లటి నీళ్లూ పట్టేదాన్ని. బతికేదో లేదో నాకు తెలీదు. పట్టేదాన్ని కదా. దాని తర్వాత ఇంకో మూడు పోయాయి."

"చెప్తే ఏమవుతుందో నీకు తెలీదా? ఫ్యాక్టరీకి తాళం వేస్తారు. ఇక్కడ నూట ఇరవై మంది బతుకుతున్నారు. సంతకం నాది. కేసు నా మీదే పడుతుంది, రాజుగారి మీద కాదు. నీకెందుకు చెప్పలేదంటే... చెప్తే నువ్వు ఆగవని తెలుసు."

"ఆగనని తెలిసి పాముల్ని వెతికించారు."

అతను తల వంచుకున్నాడు. ఇంట్లో కూర పాడైనా, కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయినా అలాగే వంచుకుంటాడు. పన్నెండేళ్లుగా ఆ వంచిన తల చూసి ఉమాశ్రీ కోపం చల్లారిపోయేది. ఇప్పుడు చూస్తే, ఇంతకాలం ఎన్నింటిని ఇలా దాటేశాడోనని అనిపించింది.

తన వంతూ లేకపోలేదు. అదీ గుర్తొచ్చింది. ఇంటింటికీ తిరిగి, దూడకి పూటకో లీటరు పాలు వదలక్కర్లేదు, ఈ పొడి జావలో పట్టండి, ఆ లీటరు కేంద్రానికి పొయ్యండి అని చెప్పింది తనే. ఆడవాళ్లు నమ్మారు. తల్లి పొదుగు దగ్గర్నుంచి దూడల్ని లాగి గిన్నె దగ్గర కట్టారు. ఏ దూడా గిన్నె వద్దనలేదు. బెల్లం కలిపారుగా, ఆబగా తాగాయి.

"ఒకటి నాకు అర్థం కావడం లేదు," అంది. "పావని కలిపిందన్న మాట ఎలా పుట్టింది? పదకొండేళ్లుగా ఆవిడ పాలకేంద్రంలో మిషను దగ్గర కూర్చుంటోంది. వెన్నశాతంలో చుక్క తేడా రానివ్వదని పేరు. అలాంటిది, మూడో దూడ పోయిన మర్నాటికల్లా సత్తియ్యగారు, విప్పిన సంచిలో ఏదో కలిపిందంటూ మొదలుపెట్టారు. ఆయనకి ఆ ఊహ ఎలా వచ్చింది?"

సత్తియ్య పాల సంఘం పెద్ద. మొదట చచ్చిన దూడ ఆయనదే.

ఉదయభాస్కర్ కుర్చీలో కూర్చున్నాడు. చల్లారిన అన్నం గిన్నె మీద మూత పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"సత్తియ్యగారు ఇక్కడికి వచ్చారు," అన్నాడు. "మీ పొడి పట్టాకే మా దూడ పోయిందండి, ఏమైనా తేడా ఉందేమో చూడండి అని అడిగారు. మర్యాదగానే అడిగారు."

"మీరేం చెప్పారు?"

"సీలున్న సంచికైతే మాది పూచీ అండి, విప్పిన సంచికి మేమేం చెప్పగలం అన్నాను."

"ఇంకా?"

"విడిగా అమ్మేవాళ్లు ఏం కలుపుతారో ఎవరికి తెలుసండీ అన్నాను." గిన్నె పక్కకి జరిపాడు. "అంతే ఉమా. పావని పేరెత్తలేదు. ఒట్టు."

ఆ ఒక్క మాటకి నెల తిరక్కుండా ఏమేం జరిగాయో ఉమాశ్రీకి తెలుసు. కేంద్రంలో పాలు పోసేవాళ్లు నూట నలభై మంది నుంచి పదకొండు మందికి పడిపోయారు. పావని గుమ్మం ముందు ఎవరో పేడనీళ్లు కుమ్మరించారు. ఆవిడ కూతురు మంజుషని స్కూలు ఆటోలో పక్కన కూర్చోనివ్వడం లేదు. మొన్న పావని వచ్చి, "నేనేం తప్పు చేశానో మీరైనా చెప్పండి డాక్టరమ్మగారూ, దిద్దుకుంటాను" అంది. ఆ మాట ఇంటికొచ్చి భర్తకి చెప్పుకుని ఉమాశ్రీ ఏడ్చింది. అతను మంచినీళ్లిచ్చి, వీపు నిమిరి, పల్లెటూరివాళ్లు అంతేలే అన్నాడు.

"మంచినీళ్లిచ్చారు నాకు," అంది. ఏ మంచినీళ్లో అతనికి వెంటనే అర్థం కాలేదు. ఆమె వివరించలేదు.

ఫోను మోగింది. చిన్నమ్మాయి.

"డాక్టరమ్మగారండీ, ఎక్కడున్నారండి? ఇక్కడ పావని మాట వినట్లేదండి. సంఘం మీటింగు పెట్టారండి, ఆవిణ్ని కేంద్రంలోంచి తీసేత్తామని. ఆవిడేమో లోపల్నుంచి సీలున్న సంచి మోసుకొచ్చి, అందరి ముందూ విప్పి జావలో కలిపిందండి. తన దూడకే పడతానంటాంది."

ఉమాశ్రీ ఫోను స్పీకరులో పెట్టింది. "ఆ సంచి మీద తారీఖు చూడండి. త్వరగా."

అవతల కాసేపు గోల. తర్వాత చిన్నమ్మాయి కూడబలుక్కుంటూ చదివింది. "పద్... పద్నాలుగో తారీఖండి."

ఉదయభాస్కర్ చెయ్యి క్యారేజీ మూత మీద బిగుసుకుపోయింది.

"పావనికి ఫోనివ్వండి," అంది ఉమాశ్రీ. "పావనీ, ఆగండి. ఆ సంచిలో యూరియా ఉండొచ్చు. దూడ చచ్చిపోతుంది. గిన్నె కింద పారబోసెయ్యండి."

"పారబొయ్యనండి," అంది పావని. ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. "నేను ఆలోచించుకునే కలిపానండి. దూడ బతికితే కంపెనీ పొడి మంచిదేనని తేలుద్ది, అప్పుడు కేంద్రం నేనే వదిలేత్తానండి. చస్తే సీలు సంచిలోనే విషం ఉందని, నేను కలపలేదని తేలుద్ది. నాకున్నది ఈ ఒక్క పెయ్యేనండి. కానీ నా మాట ఎవరూ నమ్మనప్పుడు నేనింకేం పెట్టి నమ్మించను?"

"ల్యాబు కాగితం వచ్చింది. నా చేతిలో ఉంది."

ఫోను చెయ్యి మారింది. ఈసారి సత్తియ్య. "ఏంటండీ కాయితంలో ఉంది?"

"యూరియా ఉందని ఉందండి."

"ఏ సంచిలో పొడండి అది?"

ఉమాశ్రీ కాగితం మీది నంబరు చూసింది. "విప్పిన సంచిలోదండి."

"మరింకేంటండి. మేం అంటన్నదీ అదేగదా. యూరియా బస్తాలు ఊళ్లో ఎవరింట్లో లేవండి?"

"కాదు సత్తియ్యగారూ. కలిసింది ఫ్యాక్టరీలోనే. ఇక్కడే ఉన్నాను నేను. ఇప్పుడే ఒప్పుకున్నారు."

"ఎవరండీ ఒప్పుకుంది? మీ ఆయనగారేనా? అయితే ఆయన్నే చెప్పమనండి. మీరు పావని పక్షమని ఊరంతా ఎరుగుదురు. ఆ ఉజ్జోగంలో ఉన్నాయన నోటితో చెప్తే ఈ గిన్నె నేనే కాలవలో పారబోత్తాను. ఆవిడ కాళ్లు పట్టుకుంటాను కూడానండి. నా దూడ పోయిన బాధలో ఉన్నాను గానీ నాకు ఆవిడ మీద పగేంటండి?"

ఉమాశ్రీ ఫోను భర్త ముందు పెట్టింది. అతను అనవలసింది రెండే రెండు మాటలు. మేమే కలిపాం. అంతే.

ఉదయభాస్కర్ ఫోనువైపు చూశాడు. అందులోంచి జనం గొణుగుడు, ఎక్కడో గేదె అరుపు, గిన్నె అందక దూడ తాడు లాక్కుంటున్న చప్పుడు వినిపిస్తున్నాయి. అతను పెదాలు తడుపుకున్నాడు. ఉమాశ్రీకి ఆశ పుట్టింది. ఇంత విన్నాక కూడా పుట్టింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు హారను మోగింది. చిట్టియ్య గేటు తీస్తున్న కీచు. రాజుగారు వచ్చేశారు.

"సత్తియ్యగారూ, నేనండి, ఉదయభాస్కర్ని," అన్నాడు.

"చెప్పండి బాబూ."

"మా దగ్గర ప్రతి సంచీ పరీక్ష అయ్యాకే బయటికొస్తుందండి. సీలున్న సంచిలో..." కళ్లు మూసుకున్నాడు. "సీలున్న సంచిలో తేడా ఉండదండి."

అవతల సత్తియ్య గొంతు, ఫోనుకి దూరంగా: "విన్నావా పావనీ?"

"విన్నానండి."

గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. వెంటనే దూడ జావ తాగుతున్న చప్పుడు. ఆకలి మీదున్నట్టుంది.

ఉమాశ్రీ ఫోను లాక్కుంది. "సత్తియ్యగారూ, వాడు అబద్ధం చెప్తున్నాడు. వాడు నా మొగుడు, నాకు తెలుసు. యూరియా కలిపింది వీళ్లే. సంతకం పెట్టింది వీడే. దూడ ముందునుంచి గిన్నె తీసెయ్యండి, వెనిగరు దొరికితే చల్లటి నీళ్లలో కలిపి పట్టండి, వింటున్నారా?"

ఎవరూ వినడం లేదు. ఫోను ఎప్పుడో పెట్టేశారు.

విన్నది ఉదయభాస్కర్ ఒక్కడే. పన్నెండేళ్లలో ఆమె అతన్ని వాడు అనడం అదే మొదలు.

ఆమె మళ్లీ నంబరు నొక్కింది. మోగుతోంది, ఎత్తడం లేదు. పోలమ్మలంక ఇక్కడికి నలభై అయిదు కిలోమీటర్లు, మధ్యలో జొన్నాడ వంతెన. పొట్టలోకి దిగాక విషానికి అరగంట చాలు. ఫోను చెవికి ఆనించుకునే బల్ల మీది రిజిస్టరు తీసుకుంది. సోయా లేని రోజున ఇరవైన్నర శాతం చూపించే ఆ పద్నాలుగో తారీఖు పేజీ ఊరి ముందు పెడితే, దూడ ఏమైనా పావని మాట దక్కుతుంది.

రిజిస్టరు కదల్లేదు. రెండో అంచు ఉదయభాస్కర్ చేతిలో ఉంది. పట్టు వదల్లేదు.

"అది మాత్రం ఇవ్వలేను ఉమా," అన్నాడు. అతని కళ్లు ఆమె భుజం మీదుగా తలుపువైపు చూస్తున్నాయి. వెనకాల తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"ఏంటండీ భాస్కర్‌గారూ," అంది ఒక నెమ్మదైన గొంతు. "చెల్లెమ్మగారు ఏం అడుగుతున్నారు?"